పెంపుడు జంతువుల చిత్తరువునకు తగిన ఛాయాచిత్రము

ప్రతి సంవత్సరమును ఈ సంచిక వెలువడుటకు ముందు మన పాఠశాల మెట్లమీద విద్యార్థులను తరగతివారీగా నిలువబెట్టి ఛాయాచిత్రములు తీయుట వాడుక. పొడవైనవారు వెనుకను, పొట్టివారు ముందును, ఉపాధ్యాయులు నడుమ కుర్చీలలోను కుదురుకొందురు. "కదలకుడు" అని ఛాయాగ్రాహకుడు కేక వేయును. అందఱును ఊపిరి బిగబట్టుదురు. ఇంత చేసినను చిత్రము అచ్చయి వచ్చునప్పటికి ఒకడు కన్నులు మూసికొని యుండును. మఱియొకడు ప్రక్కవాని చెవిలో ఏదియో చెప్పుచుండును. మాట తెలిసిన బాలురే ఒక్క క్షణము కదలక నిలువజాలనిచో, మాట తెలియని కుక్కకును పిల్లికిని నిలువుమని చెప్పుట యెట్లు?

ఈ ప్రశ్న నేడు మన పట్టణమున పెక్కు కుటుంబములకు ఎదురగుచున్నది. తాము పెంచుకొన్న జంతువు చిత్తరువును వ్రాయించి గోడకు తగిలించుకొనవలెనను కోరిక ఇప్పుడు హెచ్చినది. కొందఱు తైలవర్ణములతోను, కొందఱు నీటిరంగులతోను, కొందఱు పెన్సిలుతోగాని బొగ్గుతోగాని వ్రాయింతురు. చిత్రకారుడు మన యింటికి వచ్చి జంతువు నెదుట కూర్చుండబెట్టుకొని వ్రాయుట మిక్కిలి అరుదు. మనము పంపిన ఛాయాచిత్రమును చూచియే వ్రాయును. ఆ ఛాయాచిత్రము ఎట్లుండవలెనో తెలుపుమని ఈ యేడు కొందఱు విద్యార్థులును, వారి తల్లిదండ్రులును మమ్మడిగిరి. అందులకై ఈ వ్యాసము.

మొట్టమొదట ఒక సంగతిని మనస్సున నుంచుకొనవలెను. చిత్రకారుడు మన జంతువును ఎన్నడును చూచియుండడు. దాని బొచ్చును నిమిరి యెఱుగడు. మనము గేటు తీసినప్పుడు అది తోకాడించుకొనుచు పరుగెత్తుకొని వచ్చుట యెఱుగడు. మనకు దానినిగూర్చి తెలిసినదంతయు ఒక చిన్న చిత్రముద్వారా ఆయనకు చేరవలెను. అందులో లేనిదానిని ఆయన ఊహించి వ్రాయవలసినదే. ఊహించి వ్రాసినది అందమైన కుక్క కావచ్చును. మన కుక్క మాత్రము కాదు.

ఈ సంగతి మేము పుస్తకములలో చదివి నేర్చుకొన్నది కాదు, నష్టపడి నేర్చుకొన్నది. మా యింట మోతీయను నాటుకుక్క యొకటి యుండెడిది. పిల్లగా నున్నప్పుడు ఒక వానదినమున మా గుమ్మములో చేరి, పండ్రెండు సంవత్సరములు మాతో నుండి, క్రిందటి వానకాలములో మరణించినది. క్రిస్మసునాటికి దాని చిత్తరువు వ్రాయించవలెనని మా పిల్లలు కోరిరి. సెల్‌ఫోనులలో వెదకగా దాని రూపమున్న చిత్రములు రెండువందలకు పైగా దొరకెను. కాని ఒకదానిలో పుట్టినరోజు పిండివంటల బల్ల క్రింద తోక మాత్రమే. ఒకదానిలో పరుగెత్తుచున్న గోధుమరంగు చాఱ మాత్రమే. ఒకదానిలో బంధువుల కాళ్ల నడుమ ఒక చెవి. స్పష్టముగా నున్నది ఒక్కటే. అది క్రిస్మసు నక్షత్రదీపము క్రింద మోతీ పరుండియుండగా, మేము నిలువబడి, రాత్రివేళ ఫ్లాషు వెలిగించి తీసినది. అందు దాని తల గుమ్మడికాయవలె పెద్దదై, కాళ్లు పుల్లలవలె సన్నమై, కన్నులు రెండు పచ్చని దీపములవలె నుండెను.

ఆ చిత్రమునే పంపితిమి. చిత్రకారుడు బుద్ధిమంతుడు గనుక మూడు ప్రశ్నలు వ్రాసి పంపెను: కన్నుల రంగేది? వాలియుండెడి చెవి కుడిదా, ఎడమదా? రొమ్ముమీది తెలుపు ఎంతవఱకు దిగును? ఇంటిల్లిపాదియు కూర్చుండి ఆలోచించితిమి. ముదురు గోధుమరంగని కుమారుడనెను; తేనెరంగని వాని తల్లి యనెను. దినమునకు రెండుమారులు దానికి అన్నము పెట్టిన మేము దాని కన్నుల రంగును చెప్పలేకపోతిమి. చిత్రకారుడు తన శక్తికొలది వ్రాసి పంపెను. లోపము ఆయనది కాదు. పటము విప్పినప్పుడు మా చిన్నకూతురు దానిని చాలసేపు చూచి, "మంచి కుక్క నాన్నా, కాని మన మోతీ కాదు" అనెను.

జంతువును ఉన్నదున్నట్లు చిత్రించుట పూర్వమునుండియు కష్టకార్యమే. మన నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలో అజంతా గుహల చిత్రములకు ప్రతులు గలవు. వానిలోని యేనుగులను విద్యార్థులు తప్పక చూడవలెను. ఆ చిత్రకారులకు ఛాయాచిత్రము లేదు. అయినను వారు యేనుగులను కన్నులార చూచినవారు. మొగలు చక్రవర్తి జహంగీరు, 1612లో గోవానుండి తెచ్చిన సీమకోడి మొదలగు వింత జంతువులను చూచి, వానినిగూర్చి వ్రాయుటతో తృప్తిపడక, ఎదుట నుంచి చిత్రములు వ్రాయించెను. ఆయన ఆస్థానమునందలి మన్సూరు అను చిత్రకారుడు ఇట్టి పనిలో మేటి. మాటలతో చెప్పిన రూపము చాలదనియు, కంటితో చూచి వ్రాసినదే రూపమనియు ఆ చక్రవర్తి గ్రహించెను.

పిమ్మట ఛాయాగ్రహణము వచ్చినది. 1839లో పారిసు నగరమున డాగెరు కనిపెట్టిన పద్ధతి లోకమునకు వెల్లడియైనది. దానికి ముందటి సంవత్సరము ఆయన తీసిన యొక వీధిచిత్రమున చిత్రమైన సంగతి యొకటి గలదు. రద్దీగానుండిన ఆ వీధిలో గుఱ్ఱములుగాని బండ్లుగాని కనబడవు. పలక వెలుగును గ్రహించుటకు పెక్కు నిమిషములు పట్టెను గనుక కదలినదెల్ల మాయమైనది. బూట్లకు మెఱుగు పెట్టించుకొనుచు ఒకచోట నిలిచిన మనుష్యుడే మిగిలెను. పరుగెత్తు గుఱ్ఱమును పట్టుటకు మఱి నలుబదియేండ్లు కావలసెను. 1878లో కాలిఫోర్నియా యందు మైబ్రిడ్జి అనునతడు 12 కెమెరాలను వరుసగా నిలిపి, పరుగులో గుఱ్ఱము నాలుగు కాళ్లును ఒక్కసారి నేలను విడుచు క్షణమున్నదని ఋజువు చేసెను. అంతవఱకు చిత్రకారులు గుఱ్ఱపు పరుగును తప్పుగానే వ్రాయుచుండిరి.

మన హైదరాబాదునకు ఈ విద్యలో గొప్ప చరిత్ర గలదు. 1844లో మీరటు సమీపమున సర్ధనాలో జన్మించిన లాలా దీనదయాళు ఆఱవ నిజాము మహబూబు అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికింద్రాబాదులో స్టూడియో నడపి, 1892లో ఘోషా స్త్రీల కొఱకు ప్రత్యేకముగా ఒక స్టూడియోను హైదరాబాదులో నెలకొల్పి, రాజా బిరుదమంది 1905లో మరణించెను. 1902లో వైస్రాయి కర్జను ప్రభువు ఓరుగల్లు ప్రాంతమున నెక్కొండ సమీపమందు పులిని వేటాడినప్పుడు ఆయన తీసిన చిత్రము ప్రసిద్ధమైనది. ప్రభువును ఆయన భార్యయు నిలిచియుందురు; వారి ముందు పులి పడియుండును. ఆ పులి కదలలేదు, ఏలయన అది చచ్చినది. ఆ చిత్రము వేటగాండ్రనుగూర్చి చెప్పునేగాని పులినిగూర్చి ఏమియు చెప్పదు. మనకు కావలసినది అట్టి నిశ్చలత్వము కాదు. బ్రతికియున్న జంతువు భయములేక మనవైపు చూచుచున్నప్పటి నెమ్మది మనకు కావలెను. అది దొరకు మార్గములను ఇక వరుసగా చెప్పుదుము.

మొదటిది వెలుతురు. ఉదయము ఎండ ముదరకమునుపును, సాయంకాలము ఎండ వాలిన పిమ్మటను వెలుతురు మెత్తగా నుండును. నడిమధ్యాహ్నపు ఎండలో కన్నుల క్రిందను దవడ క్రిందను నల్లని నీడలు పడును. పైగా మన వేసవిలో సిమెంటు నేల జంతువుల పాదములను కాల్చును. నాంపల్లి గల్లీలలోని యిండ్లకు పెరడు లేదని చింతింపనక్కఱలేదు. తెఱచిన కిటికీగాని వీధితలుపుగాని చాలును. ఎండ సూటిగా పడని కిటికీ కడ జంతువును ఏటవాలుగా కూర్చుండనిచ్చి, మనము కిటికీ ప్రక్కను నిలిచి తీయవలెను. అప్పుడు కంటిలో కిటికీయొక్క చిన్న తెల్లని ప్రతిబింబము మెఱయును. చిత్రకారుడు కంటికి జీవము పోయునది ఆ చుక్కతోనే. వెలుగు మన వెనుకనుండిగాని ప్రక్కనుండిగాని రావలెను. జంతువు వెనుకనుండి వచ్చినచో ముఖము మసిబొగ్గగును.

ఫ్లాషును ఏమాత్రమును వాడరాదు. కుక్క, పిల్లి, మేక మొదలగువాని కన్నులలో చూపునిచ్చు పొరకు వెనుక అద్దమువంటి మఱియొక పొర గలదు. చీకటిలో లోపల ప్రవేశించిన వెలుగును అది తిరుగగొట్టి, చూపునకు రెండవమారు ఉపయోగపడునట్లు చేయును. మనుష్యుల కన్నులలో ఇట్టి పొర లేదు. రాత్రివేళ బస్సు దీపములు పడగానే వీధికుక్క కన్నులు మెఱయుట మీరందఱును చూచినదే. ఫ్లాషు వెలిగినప్పుడును అదియే జరుగును. కంటి నిజమైన రంగు ఆ మెఱుపులో మాసిపోవును. మోతీ కన్నులు పచ్చదీపములైనది ఇందువలననే.

రెండవది ఎత్తు. కెమెరా జంతువు కన్నుల ఎత్తున నుండవలెను. మనము నిలువబడి క్రిందికి వంచి తీసినచో తల పెద్దదై, శరీరము తల క్రింద దాగి, కాళ్లు కుఱుచయగును. మోకాళ్లమీద నిలువుడు, చాలనిచో నేలపై పరుండుడు. బట్టలకు దుమ్మంటునని సంకోచింపవలదు. పిల్లిని గోడమీదగాని మెట్టుమీదగాని కూర్చుండనిచ్చినచో మనము వంగవలసిన పని తగ్గును. కాని దానిని ఎత్తి కూర్చుండబెట్టుటకన్న, అది తనంతట తానెక్కు తావును కనిపెట్టియుండుట మేలు.

మూడవది దూరము. మక్కువకొలది సెల్‌ఫోనును ముక్కుకడకు తీసికొనిపోవుట తఱచుగా జరుగు పొరపాటు. చిన్న లెక్క వేసి చూడుడు. కుక్క ముక్కు కెమెరాకు 30 సెంటీమీటర్ల దూరమున నున్నదనుకొందము; దాని చెవులు ముక్కుకు 15 సెంటీమీటర్లు వెనుకనుండును, అనగా కెమెరాకు 45 సెంటీమీటర్ల దూరమున నుండును. దగ్గఱ వస్తువు పెద్దదిగా కనబడును గనుక, చెవులతో పోల్చిన ముక్కు ఉండవలసినదానికన్న ఒకటిన్నర రెట్లు పెద్దదగును. అదే మనము 150 సెంటీమీటర్ల దూరమునకు జరిగితిమా, చెవుల దూరము 165 సెంటీమీటర్లు. అప్పుడు ముక్కు పదియవవంతు మాత్రమే హెచ్చును. కావున నాలుగైదడుగులు వెనుకకు జరిగి తీయవలెను. ఫోనులో దూరపు కటకము వేఱుగా నున్నచో దానిని వాడవచ్చును. తెరపై వ్రేళ్లతో లాగి పెద్దది చేయుటవలన మాత్రము వివరములు చెడును.

నాలుగవది స్పష్టత. తెరపై జంతువు కంటిమీద వ్రేలుంచి తాకినచో కెమెరా ఆ కంటినే స్పష్టముగా చూపును. ముక్కు కొంచెము మసకయైనను చిత్రకారుడు సర్దుకొనును. కన్ను మసకయైనచో సర్దుకొనలేడు. కదలిక సంగతి మఱియొక లెక్క. తల త్రిప్పుచున్న కుక్క ముక్కు సెకనునకు 50 సెంటీమీటర్లు కదలుననుకొందము. కెమెరా తలుపు సెకనులో 25వ వంతు తెఱచియున్నచో ముక్కు 2 సెంటీమీటర్ల పొడవున అలుకుకొనిపోవును. 500వ వంతు మాత్రమే తెఱచియున్నచో ఒక్క మిల్లీమీటరు మాత్రమే. వెలుతురు చాలినంత యున్నప్పుడు ఫోను తనంతట తానే ఆ తలుపును త్వరగా మూయును. మంచి వెలుతురు కావలెననుటకు ఇది రెండవ కారణము. మీటను నొక్కిపట్టినచో వరుసగా పెక్కు చిత్రములు తీయు సదుపాయము పలు ఫోనులలో గలదు. అందు ఇరువదింటిలో ఒకటి బాగుండినను చాలును.

ఐదవది రంగు. కెమెరా తనకు కనబడినదానిని మధ్యస్థపు వెలుగునకు తేజూచును. కావున తెఱ నిండ తెల్లపిల్లియున్నచో దానిని బూడిదరంగుగను, నల్లకుక్కయున్నచో దానిని వెలిసినట్లును చూపును. వెలుతురైన గోడముందు నల్లకుక్క కూర్చున్నచో అది నల్లనిముద్దయై కన్నుకును బొచ్చునకును తేడా తెలియకుండును. పెక్కు ఫోనులలో కంటిమీద తాకిన పిమ్మట వ్రేలిని పైకి జరిపిన వెలుగు హెచ్చును, క్రిందికి జరిపిన తగ్గును. బొచ్చులోని పాయలు కనబడువఱకు సరిచేసికొనవలెను. ఇంటిలోని పచ్చని దీపము క్రింద తీయవలదు. ఎఱ్ఱని తెర ప్రక్కను కూర్చున్న తెల్లపిల్లి చెంపకు ఎఱుపును, పచ్చికమీద పరుండిన కుక్క కడుపునకు పచ్చదనమును అంటును. వరుసలో ఒక్క చిత్రమునందు మాత్రము జంతువు ప్రక్కను ఒక తెల్లకాగితమును పెట్టి తీసినచో, అది యెంత తెల్లగా కనబడుచున్నదో చూచి చిత్రకారుడు తక్కిన రంగులను నిర్ణయించుకొనును.

ఆఱవది అన్నిటికన్న ముఖ్యమైనది, ఓర్పు. ఆకలిగానున్న జంతువు కుదురుగా నుండదు. అప్పుడే తినినది నిద్రపోవును. నడకకు తీసికొనిపోయి వచ్చి, నీరు త్రావి సేదదీరిన పిమ్మట కొంతసేపు అది మెలకువతోను నెమ్మదితోను ఉండును. అదియే తగిన సమయము. దీపావళి బాణసంచా ప్రేలు వేళనుగాని, నుమాయిషు దినములలో వీధి క్రిక్కిఱిసియున్న వేళనుగాని ప్రయత్నింపరాదు. ఒకరు ఫోను పట్టుకొనగా, మఱియొకరు దానికి ప్రియమైన రొట్టెముక్కనుగాని బంతినిగాని కెమెరా కటకము పైన చూపవలెను. ఎన్నడును వినని చిన్న శబ్దము చేసినచో చెవులు నిక్కించి చూచును. కాని ఆ ఉపాయము రెండు మూడుమార్లకే పనిచేయును.

జంతువు చెవులు వెనుకకు అదిమిపెట్టుట, మాటిమాటికి పెదవులు నాకుకొనుట, నిద్రలేకయే ఆవులించుట, తోకను కాళ్ల నడుమ దాచుట, కనుగ్రుడ్ల తెలుపు కనబడునట్లు ప్రక్కచూపు చూచుట, ఇవి దానికి ఇబ్బంది కలుగుచున్నదనుటకు గుఱుతులు. అప్పుడు వెంటనే మానివేయవలెను. మెడ పట్టుకొని త్రిప్పుట, టోపీలు తొడుగుట, కసరుకొనుట కూడదు. భయపడిన ముఖము చిత్రములో పడిన యెడల, చిత్రకారుడు దానినే నమ్మకముగా వ్రాయును. ఆ భయము మన గోడమీద సంవత్సరములకొలది నిలుచును. నాతాను ప్రవక్త దావీదు రాజునకు చెప్పిన కథలోని బీదవాడు తన గొఱ్ఱెపిల్లను తన బిడ్డలతోపాటు పెంచుకొనెను. అది ఆయన గిన్నెలోనిదే త్రాగెను. జంతువునకు మనయందు అట్టి చనువు కలిగినప్పుడు మనము కోరిన చూపును అది తానే ఇచ్చును.

ఎన్ని చిత్రములు పంపవలెనని మీరడుగుదురు. చిత్తరువునకు ఆధారమైనది ఒక్కటి చాలును. ముఖము కొంచెము ప్రక్కకు తిరిగి రెండు కన్నులును కనబడునది సామాన్యముగా శ్రేష్ఠము. చెవుల కొనలు, పాదములు, తోక చిత్రపు అంచులలో తెగిపోరాదు. దానితోపాటు ఎదుటినుండి ఒకటి, ఇరుప్రక్కల నుండి ఒక్కొక్కటి, నిలువెల్ల కనబడునది ఒకటి, మచ్చలు, కన్నులు దగ్గఱగా కనబడునవి ఒకటి రెండు చేర్చవలెను. చిన్న ఉత్తరము వ్రాసి జతపఱచుటయు మంచిది: వయస్సు, కన్నుల రంగు, ఏ చెవి వాలును, అది తఱచుగా కూర్చుండు రీతి, మెడపట్టీ చిత్తరువులో ఉండవలెనా వద్దా మొదలగునవి. కొన్ని ఫోనులు చర్మమును నునుపు చేయు అలంకారములను తమంతట తామే చేర్చును. వానిని తీసివేయవలెను. బొచ్చు నునుపైనచో జంతువు బొమ్మయగును.

పంపు విధమునందును జాగ్రత్త కావలెను. చక్కని అచ్చునకు అంగుళమునకు 300 చుక్కలు వలయుననుట వాడుక. 8 అంగుళముల వెడల్పు, 10 అంగుళముల పొడవు గల పటమంత పెద్దదిగా ఛాయాచిత్రమును చూడవలెనన్నచో 2400ను 3000తో గుణింపగా 72 లక్షల చుక్కలగును. నేటి ఫోనులు కోటికి పైగా చుక్కలతో తీయును గనుక ఇది కష్టము కాదు. కాని కోటి యిరువది లక్షల చుక్కల చిత్రమున కుక్క నాలుగవవంతు మాత్రమే ఆక్రమించినచో దాని పాలికి వచ్చునవి 30 లక్షలే. కావున చిత్రము నిండ జంతువుండవలెను. వాట్సాపులో మామూలుగా పంపినచో చిత్రము కుదింపబడి చుక్కలు తగ్గిపోవును. డాక్యుమెంటు రూపముగాగాని ఈమెయిలు ద్వారాగాని అసలు చిత్రమునే పంపవలెను. తెరను మరల ఫోటో తీసి పంపుట పనికిరాదు.

జంతువు ఇదివఱకే మరణించియున్నచో ఉన్న చిత్రములలోనుండియే ఏఱుకొనవలెను. అందమైనదానికన్న నిజమైనదానిని ఎన్నుకొనుడు. కాగితముపై అచ్చయిన పాత చిత్రమును కిటికీ వెలుతురున బల్లపై చదునుగా పఱచి, మెఱుపు పడకుండ నిట్టనిలువుగా తీయవలెను, లేదా స్కానరుతో ప్రతి చేయించవలెను. ఒకదానిలో చెవి, మఱియొకదానిలో మచ్చ, వేఱొకదానిలో కూర్చున్న తీరు స్పష్టముగా నుండవచ్చును, అన్నిటిని పంపుడు. ఇతరులు తీసిన చిత్రమైనచో వారి అనుమతి పొందవలెను. ఛాయాచిత్రముపై హక్కు సామాన్యముగా తీసినవారిదని 1957 నాటి కాపీరైటు చట్టము చెప్పుచున్నది.

కొందఱు బాలురు తమ రామచిలుకను పంజరములో నుంచి తీయవచ్చునా యని అడిగిరి. మన దేశపు చిలుకలను బంధించి పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునుబట్టి నేరము. చిలుక చిత్రము కావలసినవారు సాయంకాలము పబ్లిక్ గార్డెన్సుకు పోయి చెట్లమీద చూడవచ్చును. కోళ్లు, పావురములు, కుందేళ్లు, మేకలు పెంచువారికి మాత్రము పైన చెప్పిన నియమములన్నియు వర్తించును. పక్షులకు కన్నులు ప్రక్కల నుండును గనుక వానిని ప్రక్కనుండి తీయుటయే మేలు.

ఇక మోతీ సంగతి ముగింతుము. ఆ పటమును గోడకు తగిలించుటకు మాకు మనసొప్పలేదు, బీరువాపై పెట్టితిమి. కొన్ని నెలలకు మా పొరుగింటి పిల్లవాడు, మన పాఠశాలలోనే చిన్నతరగతి విద్యార్థి, తన తల్లి పాత ఫోనులో ఏవో బొమ్మలు చూచుచు, "ఇదిగో మీ కుక్క" అని చూపెను. వాడు అయిదేండ్లవాడుగా నున్నప్పుడు మా మెట్లమీద కూర్చుండి, ప్రొద్దున పూట తీసిన చిత్రమది. వానికి వెలుతురు నియమము తెలియదు, దూరపు లెక్క తెలియదు. అయినను వాడు పొట్టివాడు గనుక కెమెరా మోతీ కన్నుల ఎత్తుననే యుండెను. వాడు దానికి మిత్రుడు గనుక అది వానివైపు తిన్నగా చూచెను. కన్నులు తేనెరంగువి, మా ఇంటివారు చెప్పినదే నిజము. వాలినది ఎడమ చెవి. వాని యనుమతిని, వాని తల్లి యనుమతిని తీసికొని ఆ చిత్రమును అదే చిత్రకారునికి పంపగా ఆయన మరల వ్రాసి యిచ్చెను. ఈమారు మా చిన్నకూతురు పటము ముందు నిలిచి ఏమియు అనలేదు. తన చేతితో దాని ఎడమ చెవిని తాకి చూచినది.

ఆ పిల్లవాని ఫోను పాడైపోయియుండినచో మాకు ఆ చిత్తరువు లేదు. అదృష్టముపై ఆధారపడవలదని మీకు చెప్పుటకే ఇంత వ్రాసితిమి. కుక్క పండ్రెండు పదమూడేండ్లు బ్రతికిన మంచి ఆయువే. పిల్లి కొంచెము హెచ్చు. మీరు ఐదవ తరగతిలో నున్నప్పుడు ఇంటికి వచ్చిన కుక్కపిల్ల, మీరు కళాశాల ముగించునప్పటికి ముసలిదగును. ఈ యాదివారము ఆరాధన ముగించి యింటికి పోయిన పిమ్మట, సాయంకాలపు నీడలో, మీ జంతువు ముందు నేలపై కూర్చుండుడు. ఫోను తీయుటకు ముందు దాని కన్నుల రంగేదో చూడుడు. ఏ చెవి వాలునో చూడుడు. ఆ రెండును ఒక కాగితముపై వ్రాసి, తేదీ వేసి దాచుడు. పిమ్మట చిత్రము తీయుడు.